గౌతమిని తీసుకెళ్ళే రోజు

పెరట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. అంటే పిల్ల స్నానం అయిపోయింది, ఇప్పుడు వదిన తువ్వాలు చుట్టి లోపలికి తీసుకొస్తుంది అనుకుంది హిమజ. వీధి వసారాలో కుర్చీ మీద, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, ఎవరో ఆఫీసరు పిలుపు కోసం కాచుక్కూచున్న మనిషిలా ఉంది. స్నానం చేసింది తను కన్న కూతురు గౌతమి. చేయించింది తన ఆడపడుచు దుర్గాదేవి. లేచి నాలుగడుగులు వేసి ఆ తువ్వాలు అందుకుంటే వద్దనేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. పైపెచ్చు "రా హిమజా, నువ్వే తుడువు" అని వదిన పక్కకి తప్పుకుంటుంది కూడా. ఆ తప్పుకోవడం చూడలేకే హిమజ లేవలేదు. ఎండ తగ్గేక వస్తానన్నాడు ఆటో ముత్యాలరాజు. ఎండ ఇంకా వాకిట్లో మామిడిచెట్టు మొదట్లోనే ఉంది. ఇంకో గంట. ఈ ఊర్నించి అమలాపురం బస్టాండుకి ఆటో, అక్కణ్ణించి విశాఖపట్నం బస్సు, రేపట్నించి పిల్ల తన దగ్గరే. ఈ ఒక్క గంటా గడిస్తే చాలు అని పొద్దుట బస్సు దిగినప్పట్నించీ అనుకుంటూనే ఉంది. ఏం చాలు? ఏడేళ్ళూ ఇలాగే గడిచేయి కదా, ఈ ఒక్కటీ గడిస్తే చాలు, ఈ ఒక్కటీ గడిస్తే చాలు అనుకుంటూ.

గౌతమికి ఎనిమిదో నెల వచ్చినప్పుడు తీసుకొచ్చి ఈ వసారాలోనే వదిన చేతుల్లో పెట్టింది. అప్పుడూ ఎండలే. థీసిస్ సగంలో ఉంది. సాయికృష్ణకి పోర్టులో షిఫ్టు డ్యూటీలు. అత్తగారు లేరు, అమ్మకి మోకాళ్ళ నెప్పులు. "మా అక్కయ్య దగ్గరుంటే మనకి భయమేంటి? ఇద్దరు మొగపిల్లల్ని పెంచిన చెయ్యి," అన్నాడు సాయికృష్ణ. నిజంగానే భయం లేకపోయింది. అక్కడే వచ్చింది చిక్కంతా. కాస్త భయం ఉంటే నెల తిరక్కుండా పరిగెత్తుకొచ్చి తీసుకుపోయేది. థీసిస్ అయ్యేదాకా అంది. అది అయ్యేక, ఫెలోషిప్పు రెండేళ్ళేగా అంది. తర్వాత డెల్టా ప్రాజెక్టు వచ్చింది, ఉద్యోగం పర్మనెంటు కానీ అంది. ప్రతిసారీ దుర్గాదేవిది ఒకటే మాట, "పిల్లేమన్నా బరువా అమ్మా? మా వాళ్ళిద్దరూ హాస్టళ్ళకి పోయేరు, ఇల్లు బావురుమంటోంది. నువ్వు నీ పని చూసుకో." ఒక్కసారైనా ముఖం చిట్లించి ఉంటే, ఇంక నావల్ల కాదు తల్లీ అని ఒక్కసారైనా అని ఉంటే బావుండేది. ఛ, ఇదేం ఆలోచన, ఆవిడ మంచితనాన్ని కూడా ఆవిడ మీదే తప్పుగా రాస్తోందా తను? ఇవాళ సాయికృష్ణ రాలేదు. డ్యూటీ ఉందన్నాడు. అక్కయ్య ముఖం చూడలేక డ్యూటీ వేయించుకున్నాడని హిమజకి తెలుసు, తనకి తెలుసన్న సంగతి అతనికీ తెలుసు.

ఆ పనేంటో ఈ ఊళ్ళో ఎవరికైనా చెప్పాలంటే ఇసుక అని చెప్పాలి. ఈ కోనసీమంతా గోదారి తెచ్చిపోసిన మట్టీ, సముద్రం తోసిపెట్టిన ఇసుకా. కాట్రేనికోన వైపు కొబ్బరితోటల మధ్య వరసగా కనిపించే ఇసుక మెరకలన్నీ ఒకనాటి సముద్రపు ఒడ్డులే. అక్కడ ఇనప గొట్టం దిగ్గొట్టి, రెండు కొసలా మూతలు బిగించి, వెలుతురు సోకకుండా ల్యాబుకి పట్టుకెళ్ళి, ఆ ఇసుక రేణువు ఆఖరిసారి ఎండ చూసి ఎన్నేళ్ళయిందో కనిపెట్టాలి. చీకటిగది, మూల చిన్న ఎర్ర దీపం, జల్లెళ్ళు, యాసిడ్లు, మోచేతుల దాకా గ్లౌజులు. ఫోను బయట బీరువాలో పెట్టి రావాలి, దాని వెలుగు చాలు నెలల కష్టం పోడానికి. కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆ యాసిడ్ల దగ్గరికి వెళ్ళొద్దన్నారు, వెళ్ళలేదు. కానీ ఆ నెలలన్నీ ఎవరో తన దగ్గర్నించి లాగేసుకున్నట్టుండేది. తోటివాళ్ళు ముందుకెళ్ళిపోతున్నారన్న ఆత్రం. పక్కలో పసిపిల్ల పాలు తాగుతుంటే కళ్ళ ముందు ఎర్ర దీపం కనిపించేది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు సిగ్గు లేదు, తిరిగి ఆ గదిలోకి వెళ్ళిన రోజు ఎంత ఆనందం! బయట పగలో సాయంత్రమో తెలీకుండా ఒక్కర్తీ నిలబడి, మనిషన్నవాడెవడూ లేనప్పటి ఒడ్డుని వేళ్ళ కింద తడుముతున్నట్టు. ఆ ఆనందం అబద్ధం కాదు. అది అబద్ధమైతే ఇవాళ ఇంత బాధ ఉండేది కాదు, మోసపోయేననుకుని ఊరుకునేది.

లోపల గదిలోంచి మాటలు వినిపిస్తున్నాయి. కిటికీ తలుపు ఓరగా ఉంది.

"అత్తమ్మా, ఆ గౌను వద్దే."

"ఏమే, అమ్మ తెచ్చింది కదా. ఎంత బావుందో చూడు."

"గుచ్చుకుంటాది. నువ్వు కుట్టించింది వెయ్యి."

"ఒక్క పూటకేనే బాబూ. అమ్మ సంతోషపడుద్ది."

"అయితే బస్సెక్కేదాకే," అంది గౌతమి.

మెడ దగ్గర జరీ లేసు ఉన్న గౌను. మొన్న సాయంత్రం ల్యాబునించి వస్తూ వస్తూ బట్టల దుకాణంలో దూరి, ఏడేళ్ళ పిల్లలదని లేబులు చూసి కొన్నది. లేబులు చూసి. చెయ్యి లోపల పెట్టి చూడాలని తోచనే లేదు. అత్తమ్మా వద్దే, అత్తమ్మా వెయ్యి. అలా ఏ బెరుకూ లేకుండా, మాట చివర పట్టుకుని ఊగుతూ తనతో ఒక్కసారీ మాట్లాడలేదు ఈ పిల్ల. తనతో మాత్రం అండీ. మొదటిసారి విన్నప్పుడు ముచ్చటేసింది కూడా. రోజూ సాయంత్రం ల్యాబు అయ్యేక చేతులు కడుక్కుని వీడియో కాల్ చేసేది. పొద్దుట బీచిలో నడక, పెరుగన్నం డబ్బా, రాత్రికి ఇడ్లీపిండి రుబ్బుకోడం, వాటి మధ్య కూతురితో మాటలకి కూడా ఒక వేళ పెట్టుకుంది, ఎంత పద్ధతిగా నడుపుతున్నానో సంసారాన్ని అని లోలోపల మురిసిపోయింది. "ఏం తిన్నావమ్మా?" "పప్పన్నం అండీ." "స్కూల్లో ఏం చెప్పేరు?" "రైమ్స్ అండీ." "అత్తమ్మని విసిగించట్లేదు కదా?" "లేదండీ." పక్కనే ఉన్న జెస్సీ, ల్యాబులో తనతో పనిచేసే పిల్ల, విని పకపకా నవ్వితే, "మా గోదావరి వాళ్ళంతేనమ్మా, ఉగ్గుపాలతోనే మర్యాద" అంది గర్వంగా. తర్వాత తెలిసింది, దుర్గాదేవే నేర్పిందట. మీ అమ్మ ఎంత చదువుకుందో తెలుసా, అమ్మతో గౌరవంగా మాట్లాడాలి అని. చెడ్డ మాట కాదే. పిల్లకి తల్లి మీద గౌరవం కలగాలనే కదా. ఆ గౌరవం తనకీ గౌతమికీ మధ్య ఊరిపెద్దలా వచ్చి కుర్చీ వేసుక్కూచుంది, ఎలా లేపాలో తెలీలేదు. దసరా సెలవుల్లో ఒకసారి ఈ ఇంట్లోనే పడుకుంటే పక్కగదిలోంచి నిద్రమత్తులో ఉన్న పిల్ల గొంతు వినిపించింది, "అత్తమ్మా, నువ్విటు తిరిగి పడుకో." ఆ మాటకి ఆడపడుచు మీద అసూయ పుట్టింది. పొద్దున్నే లేచి ఆవిడ పెట్టిన కాఫీ తాగి, బావుంది వదినా అంది.

ఫిట్స్ వచ్చిన రోజు. ఆ రోజు గురించి అనుకోకూడదనుకుంటుంది, కానీ మనసు తిరిగి తిరిగి దాని గుమ్మంలోనే ఆగుతుంది. గౌతమికి రెండేళ్ళు. చీకటిగదిలో ట్రేలన్నీ మూతలు తీసి ఉన్నాయి. తలుపు మీద జెస్సీ కొట్టింది. "హిమజగారూ, ఇంటి నుంచి ఫోను మీద ఫోను వస్తోందండి. ఏదో అర్జెంటట." "మూతలు పెట్టి వస్తున్నా" అంది. పెట్టింది. తొందరపడకుండా, ఒక్కటీ ఒలక్కుండా, అన్నిటికీ పెట్టింది. బయటికొచ్చి ఫోను తీస్తే దుర్గాదేవి, "భయపడకమ్మా, జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చేయి. అమలాపురం ఆస్పత్రికి తీసుకొచ్చేం. ఇప్పుడు నిద్రపోతోంది" అంది. భయపడకమ్మా అని ఆవిడ తనకి చెప్పింది! దొరికిన బస్సెక్కి తెల్లారేసరికి చేరితే పిల్ల ఆవిడ భుజం మీద ఉంది. కూచుంటే లేస్తోందని రాత్రంతా నిలబడే ఉందట వదిన. చేతులు చాపితే గౌతమి ముఖం అటు తిప్పేసి ఆవిడ మెడలో దాచుకుంది. "పని కదమ్మా, నువ్వు మాత్రం ఏం చేస్తావ్" అంది దుర్గాదేవి. ఎవరూ ఒక్క మాటనలేదు. సాయికృష్ణా అనలేదు. ఆ ట్రేల్లో ఇసుక చక్కటి ఫలితాలిచ్చింది. పెద్ద పత్రికలో వ్యాసం వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టేరు. ఆ వ్యాసంలో మొదటి పట్టిక తెరిచినప్పుడల్లా హిమజకి అంకెలు కనపడవు, నెమ్మదిగా మూతలు పెడుతున్న తన చేతులు కనిపిస్తాయి.

ఆ తర్వాత బుద్ధొచ్చిందనుకుంది. ఆదివారాలు తప్పకుండా వచ్చేది. వచ్చేది నిజమే, చేతిలో గొట్టాలూ సుత్తీ కూడా ఉండేవి. ఎలాగూ వెళ్తున్నాం కదా, రెండు పనులూ అవుతాయని. పిల్లని ఆటోలో పక్కన కూచోబెట్టుకుని కాట్రేనికోన దాకా తీసుకెళ్ళేది, అది కొబ్బరి నీడలో కూచుని తల్లి గొట్టం కొట్టడం చూసేది. దాన్ని ఆడించినట్టూ అయింది, శాంపిలూ దొరికింది. ఒకసారి, అయిదేళ్ళుంటాయేమో దానికి, రోడ్డు వేస్తున్నచోట కంకర పోగులోంచి ఒక రాయి ఏరుకొచ్చింది. నల్లగా, మధ్యలో తెల్లటి చారతో. కోనసీమలో పెరిగిన పిల్లకి రాయి అంటే వింత, ఎంత తవ్వినా మట్టే ఇక్కడ. గౌనుతో తుడిచి, రెండు చేతుల్లో పెట్టుకుని, "ఇది మీకు పనికొస్తదాండీ?" అంది. హిమజ గొట్టం మీద పేరు రాస్తోంది. తలెత్తి చూసి, "ఇది ఇక్కడిది కాదమ్మా, రాజమండ్రి అవతల క్వారీనించి వచ్చింది. మన పనికి ఇసకే కావాలి" అంది. నిజమే చెప్పింది. కచ్చితంగా చెప్పింది. పిల్ల "ఆయ్" అని బుద్ధిగా తలూపి వెళ్ళి ఆ రాయిని కాలవలో పడేసింది. చప్పుడు విని కూడా హిమజ తలెత్తలేదు. ఇంకెప్పుడూ అది తన కోసం ఏమీ తేలేదు. ఈ లోకంలో ఎక్కడెక్కడి రాళ్ళో అడిగి తెప్పించుకుని అద్దాల బీరువాలో దాచుకున్న మనిషి, కన్నకూతురు తెచ్చిన కంకర రాయిని పుచ్చుకోలేకపోయింది. "భలే ఉందే" అంటే ఏం పోయేది?

కొబ్బరి రాశి దగ్గర్నించి నారాయణమూర్తి వచ్చేరు. దుర్గాదేవి భర్త. పొద్దుట్నించీ కాయలు దింపే పనివాళ్ళ వంక పెట్టుకుని తోటలోనే తిరుగుతున్నారు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఎదురుగా గట్టు మీద కూచున్నారు.

"కాఫీ పెట్టమనేదామ్మా?"

"వద్దండి అన్నయ్యగారూ. ఇందాకే తాగేను."

"ఆయ్." తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నారు. "ఇడ్లీలోకి పచ్చడి తినదమ్మా అది. కారప్పొడిలో నెయ్యేసి పెట్టాలి. పడుకునేటప్పుడు కాళ్ళు కప్పకూడదు, తన్నేస్తది. ఉరుమంటే భయం." గొంతు తగ్గించేరు. "నే చెప్పేనని మీ వదినతో అనకు. అన్నీ చెప్పాలని దానికీ ఉంది. చెప్తే పిల్లని పెంచడం నీకు నేర్పినట్టుంటుందని నోరు కట్టుకుని తిరుగుతోంది."

హిమజకి ఇంకా చెప్పండి, అన్నీ చెప్పండి అని ఆయన చేతులు పట్టుకోవాలనిపించింది. "ఆయ్, అలాగేనండి" అంది.

లోపల కంచం చప్పుడైంది. మధ్యాహ్నం తిన్న పిల్లకి మళ్ళీ పెరుగన్నం, మామిడిపండు. "ఇంకొక్క ముద్దే" అంటోంది దుర్గాదేవి. "ఇదే ఆఖరు" అంటోంది. మళ్ళీ ఇంకో ముద్ద. కడుపు నిండిందని గౌతమి అనట్లేదు. ఎన్ని పెడితే అన్నీ మింగుతోంది, ఆ పిల్లకీ ఏదో తెలిసినట్టే ఉంది.

ఆటో హారన్ వినపడింది. రెండు జడలు పైకి మడిచి కట్టి, జరీ లేసు గౌను వేసుకుని గౌతమి గుమ్మంలోకి వచ్చింది. మెడ దగ్గర అప్పుడే ఎర్రగా కందింది. వెనకాల దుర్గాదేవి సంచీతో. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉన్నాయి కానీ ముఖం కడుక్కుని బొట్టు దిద్దుకుని వచ్చింది. బస్సులో రాత్రంతా అనుకున్న మాటలు హిమజ నోటి దాకా వచ్చేయి. "వదినా, నేను..." అంది.

"ఇప్పుడేం అనకమ్మా," అంది దుర్గాదేవి, సంచీ చేతికిచ్చి. "దాని ముందు మనం ఏడిస్తే అది భయపడుద్ది. బయల్దేరండి." వంగి గౌతమి జడ రిబ్బను మళ్ళీ ఒకసారి బిగించింది. బాగానే ఉన్న రిబ్బనే. తర్వాత గబగబా పెరట్లోకి నడిచింది. తోమిన గిన్నెల్ని మళ్ళీ తోముతున్న చప్పుడు వీధిలోకి వినిపించింది.

గౌతమి ఏడవలేదు. చెప్పులు వేసుకుంది. మావయ్య కాళ్ళకి దణ్ణం పెట్టింది. తల్లి వైపు తిరిగి, "వెళ్దామాండీ?" అంది. ఆటో ఎక్కి ఒక చివరకి ఒదిగి, పెద్దవాళ్ళకి చోటిచ్చినట్టు మిగతా సీటంతా వదిలేసింది.

కాలవగట్టు మీద ఆటో గతుకుల్లో ఊగుతోంది. హిమజ ఏదో మాట్లాడుతోంది, తన గొంతే తనకి పరాయిగా వినిపిస్తోంది. విశాఖలో సముద్రం మనింటికి దగ్గరే, నీకు కిటికీ పక్కన మంచం వేసేం, జూన్‌లో కొత్త స్కూలు, నాన్నగారు సైకిలు కొంటారట. "ఆయ్" అంటోంది పిల్ల. "ఆయ్ అండీ." ఇనప కమ్మీని పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. అది చూసి కూడా హిమజకి అర్థం కాలేదు. మరి కాస్త దూరం వెళ్ళేక గౌతమి ఒక్కసారి ముందుకి వంగి భళ్ళుమని వాంతి చేసుకుంది. పెరుగన్నం, మామిడిపండు, దిగమింగినదంతా కొత్త గౌను మీద, సీటు మీద. వెంటనే రెండు చేతులతో తుడిచేయబోయింది. "సారీ అండీ. సారీ అండీ. నేను కడిగేస్తానండీ."

"అయ్యో తల్లీ, పర్లేదమ్మా, ఇలా రా," అని హిమజ దగ్గరికి జరిగి గౌను గుండీలు తియ్యబోయింది. చెయ్యి మెడ మీది కందిన చోట తగిలింది.

"ముట్టుకోకు!" అని కేక పెట్టింది పిల్ల. "నువ్వెందుకొచ్చేవ్? ఎవరు రమ్మన్నారు నిన్ను? నీ ఇసక తీసుకుని నువ్వు పో!"

ముత్యాలరాజు ఆటో ఆపేసేడు. వెనక్కి చూడకుండా దిగి, దూరంగా తూము దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. చిన్న పిడికిళ్ళు హిమజ గుండెల మీదా భుజాల మీదా పడుతున్నాయి. నువ్వు పో, నువ్వొద్దు, నాకు అత్తమ్మ కావాలి. నువ్వు అంది. ఏడేళ్ళకి తన కూతురు తనని నువ్వు అంది. ఆ మాట లోపల ఎక్కడో తేనెలా దిగుతుంటే, ఇదేం సంతోషం, ఇంత ఏడుపులోంచి కూడా నాకు కావలసింది నేను ఏరుకుంటున్నానా అని తన మీద తనకే అసహ్యం వేసింది. దెబ్బలకి అడ్డం పెట్టుకోలేదు. ఊరుకో అనలేదు. ఊరుకోమనడానికి తన దగ్గర ఏముంది గనక? పిడికిళ్ళు నెమ్మదించేక ఎత్తుకుని కాలవ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. పిల్ల గింజుకుంది, తర్వాత ఓపిక లేక వదిలేసింది. ముఖం కడిగి, ఆ గౌను విప్పి, సంచీ తెరిస్తే పైనే దుర్గాదేవి కుట్టించిన నేత గౌను మడతపెట్టి ఉంది. అది తొడిగింది. ఎండలో వెచ్చబడిన మెట్టు మీద కూచుని ఒళ్ళోకి తీసుకుంది. గౌతమి వెక్కి వెక్కి, వెక్కిళ్ళ మధ్యలోనే నిద్రలోకి జారింది. తల దానంతటదే వచ్చి హిమజ తొడ మీద వాలింది.

కొంతసేపటికి ముత్యాలరాజు నెమ్మదిగా వచ్చేడు. "బస్సు పోయుంటదండీ. వెనక్కి తిప్పమంటారా?" అన్నాడు.

వెనక్కి తిప్పితే అయిపోతుంది. నాలుగు కొబ్బరితోటలు దాటితే ఇల్లు. పిల్ల నవ్వుతుంది, వదిన పరిగెత్తుకొస్తుంది, పాపం ఇంకొన్నాళ్ళు ఉండనీ అని అందరూ అంటారు. తను రాత్రి బస్సెక్కి పొద్దున్నే ల్యాబు తాళం తీసుకుంటుంది. ఎంత హాయి. ఆ హాయి హిమజకి బాగా తెలుసు. ఇన్నాళ్ళూ బతికింది అందులోనే.

"వద్దండి. ఇంకో బస్సుంటుంది కదా."

"ఆయ్, చీకటి పడ్డాక ఉందండి."

"పిల్ల లేచేక వెళ్దాం. మీకు ఆలస్యం అవుతుందేమో."

"పర్లేదండి," అని అతను వెళ్ళి గట్టు మీద కూచున్నాడు.

కాలవలో నీళ్ళు తక్కువగా ఉన్నాయి. గౌతమి బుగ్గల మీద కన్నీటి చారలు ఆరిపోతున్నాయి. ఒళ్ళో ఈ బరువు ప్రేమ కాదు, అలసట. లేచేక మళ్ళీ అండీ అనొచ్చు, పొమ్మనొచ్చు, అత్తమ్మని అడగొచ్చు, రేపూ ఎల్లుండీ అడగొచ్చు. ఎన్నాళ్ళు అడిగినా వినాలి, వినడం తప్ప ఇంక చేసేదేమీ లేదు. పిల్ల నిద్రలో ఒకసారి వెక్కి, పక్కకి ఒత్తిగిలి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుంది. ఓహో, ఇలా పడుకుంటుందన్నమాట అనుకుంది హిమజ. కాలు తిమ్మిరెక్కుతోంది. కదపలేదు.